కోరం

గంట కొట్టడం నా పని.
పదకొండింటికి ఒకసారి,
మెంబర్లు నిండకపోతే పావుగంట ఆగి మరోసారి.
శ్రీకాకుళం మున్సిపాలిటీలో ఇరవై రెండేళ్లు
ఇత్తడి గంట, హాజరు పుస్తకం, నాలుగు మంచినీళ్ల కూజాలు
నా చేతి కిందున్న జనం.

ఎండ ఏటి వైపు నుంచి లోపలికొచ్చేది.
ఆ ఎండలో పిన్నింటి వరహాలనాయుడి కుర్చీ.
మనిషి భారీ. కుర్చీ కాళ్లు మూడుసార్లు మార్పించేను.
నవ్వితే బల్ల మీద సిరాబుడ్డి కదిలేది.
బలగలో బెల్లం కొట్టు గుమాస్తాగా మొదలెట్టి
వార్డు మెంబరై, వైసై, చైర్మనైనోడు.
అట్ట ఊడిన నిబంధనల పుస్తకానికి మైదా రాసి అతికించి
రాత్రుళ్లు పైకి చదివేవోడట;
"పారాయణం అనుకున్నాను" అనేది వాళ్లావిడ.

రెల్లివీధికి కుళాయి.
తీర్మానం మూడుసార్లొచ్చింది, మూడుసార్లూ అదే తంతు.
వొద్దనడానికి నోరు రాదు, సరేననడానికి మనసు రాదు,
పేర్లు పిలిచే వేళకి ఒక్కొక్కరే లేచి
వరండాలోకి, చుట్ట ముట్టించుకోడానికి.
లోపల తొమ్మండుగురు. కావలసింది పదముగ్గురు.
కోరం లేదు, సభ వాయిదా.
నేను కూజాలు వంచేసి కిటికీలు మూసేవోణ్ణి.
మూసేలోగా కనబడేది:
చీకటితోనే ఊరంతా తుడిచొచ్చిన ఆడోళ్లు
నాగావళి ఇసకలో చెలమ తవ్వి
ఊరేదాకా కూచోడం.

నాలుగోసారి నాయుడు లేచి నిలబడ్డాడు.
"గురువులూ, పుస్తకం ఇలగ పట్రా."
కళ్లజోడు తుడుచుకుని గుమ్మం వైపు తిరిగి
"అంపోలు నర్సింగరావు. దగ్గు వినబడింది. హాజరు.
యాళ్ల లచ్చుమయ్య. గొడుగు కుర్చీకే వేలాడుతోంది. హాజరు.
దుంపల చిట్టిబాబు. ఆ చుట్ట నాకు తెల్దేటి? హాజరు.
మెట్ట తవిటయ్య. తొంగి చూస్తన్నాడు, రాసుకో."

వరండా అంతా ఒక్కసారి లోపలికొచ్చి పడింది.
"మేం లేం! లేమని చెప్తన్నాం కదా!"
"అవున్నాయనా,
ఆ చెప్తన్నదెవరు?"

రాసేను. నాలుగు పేర్లు రాయడానికి
పెన్ను రెండుసార్లు దులపవలసొచ్చింది.
తర్వాత ఆడిట్ వోళ్లు నన్నే నిలదీసేరు,
ఈ నలుగురి సంతకాలేవీ అని.

దేవుడని మాత్రం అనను.
చేపల బజారు కాంట్రాక్టు బావమరిదికే పోయింది.
మా అటెండర్ల జీతాల ఫైలు
ఆరేళ్లు ఆయన మోచేతి కింద ఎండింది.
అడిగితే "కోరం లేదురా" అని నవ్వేవోడు.
ఆ నవ్వుకి నేనూ నవ్వేవోణ్ణి. పిల్లలున్నోణ్ణి.

వరదొచ్చి తీసిన ఏడు అవిశ్వాసం పెట్టేరు.
అటు పన్నెండుగురు.
పదమూడో మనిషి లేకపోతే సభే లేదు.
ఈయన పక్షం వోళ్లు ఈసారి వరండాలో ఆగలేదు,
నేర్చుకున్నారు మరి,
ఏడురోడ్ల కూడలి దాకా పోయి టీ కొట్లో కూచున్నారు.
ఆయన కోసం రిక్షా పంపించేరు.
"రండి బాబూ, మీరొక్కరూ బయటికొచ్చేస్తే చాలు."

నాయుడు గుమ్మం దాకా నడిచేడు.
ఒక కాలు వరండాలో పెట్టేడు.
రిక్షావోడు సీటు దులిపేడు.
నేను గంట పట్టుకుని నిలబడ్డాను,
కొట్టాలో మానాలో తెలీక.
ఎంతసేపో చెప్పలేను,
కూజాలోంచి నీళ్ల బొట్లు నేల మీద పడ్డం వినబడేటంత సేపు.

కాలు వెనక్కి తీసుకున్నాడు.
వొచ్చి తన కుర్చీలో కాదు, మూల బెంచీ మీద కూచుని
"రాసుకో గురువులూ,
పిన్నింటి వరహాలనాయుడు. హాజరు."

పదముగ్గురు.
పన్నెండు చేతులు లేచేయి.
అవతల పన్నెండుగురిలో ఎవరూ
వెంటనే దించలేకపోయేరు.

రిక్షావోడికి కాచుకున్న కూలి ఇచ్చేసి
ఏటి గట్టు మీంచి నడిచిపోయేడు, చెప్పులు చేత్తో పట్టుకుని.
బురద ఇంకా ఆరలేదు.

మర్నాడు బల్ల ఖాళీ చేస్తూంటే మా ఫైలు దొరికింది.
సంతకం లేదు.
అట్ట మీద ఆయన రోజూ కళ్లజోడు పెట్టినచోట
చెమటకి దిగిన
రెండు గుండ్రటి మచ్చలు.